అమ్మ పేరున్న డ్రైవ్

బీరువా సర్దుతుంటే పాత చీరల మడతల్లోంచి ఒక ఇనుప బిళ్ళ చేతికి తగిలింది. అరచేతిలో పట్టేంతే ఉంది గానీ బరువు మాత్రం ఇటుకంత. తుప్పూ కలరా ఉండలూ కలిసిన వాసన. మీద నాన్న చేతిరాతతో ‘అమ్మ పాటలు’ అని చీటీ. మా మొదటి కంప్యూటర్ హార్డ్ డిస్కు అది, మొత్తం కలిపి ఆరు జీబీ. ఈ రోజుల్లో ఒక పెళ్ళి వీడియోకే చాలదు.

అప్పుడు మా ఇల్లు మండవల్లి అవతల, కొల్లేట్లో నాన్న చేపల చెరువుల గట్టు మీద ఉండేది. కార్తీకం వచ్చిందంటే తెల్లవారేసరికి చెరువుల మీద మంచు మీగడలా పరుచుకునేది, మేతకని నానబెట్టిన తవుడు వాసన దుప్పట్లోకి కూడా దూరేది, ఎక్కడెక్కడి నుంచో దిగిన గూడబాతులు దర్జాగా చేపల్ని మింగుతుంటే నాన్న రేకు డబ్బా వాయిస్తూ గట్టంతా పరిగెత్తేవారు. నేను మాత్రం పక్షుల పక్షమే. క్రిస్మస్ నెల పడగానే అమ్మ గులాబీ పువ్వుల అచ్చు పిండిలో ముంచి నూనెలో దింపుతూ, ఆ చుయ్యిమనే చప్పుడు మీదుగా పాడుకునేది. చర్చిలో పాట ఎత్తుకునేది ఎప్పుడూ అమ్మే. ఆమె గొంతు లేచిందంటే వెనక బెంచీల్లో కునికేవాళ్ళు కూడా సర్దుకుని కూర్చునేవారు.

నాకు పదకొండేళ్ళప్పుడు ఆ గొంతులోనే గడ్డ తేలింది. పండగ అయ్యాక ఆపరేషన్ చేస్తామనీ, గొంతు మారిపోవచ్చనీ ఏలూరు డాక్టరుగారు ముందే చెప్పారు. పాటలు ముందే దాచుకోవాలంటే టేపులైతే సాగిపోతాయి, కంప్యూటర్లో అయితే చెక్కు చెదరదని ఎవరో చెబితే, తాడేపల్లిగూడెంలో మూతబడ్డ ఒక నెట్ సెంటర్ నుంచి నాన్న పాత కంప్యూటర్ ఒకటి కొన్నారు. అది మా ఇంటికి తవుడు బస్తాల మధ్య లారీలో వచ్చింది.

బిగించడానికి ఏలూరు నుంచి వచ్చిన సత్యంగారు నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు కొడుతూ డిస్కుని మూడు వాటాలు చేశారు.

“ఒక్కటిగానే ఉంచొచ్చు కదండీ?” అన్నారు నాన్న.

“పాత విండోసండీ. రెండు జీబీలు దాటితే ఒక డ్రైవ్‌గా ఒప్పుకోదు. మధ్యలో గట్లెయ్యాల్సిందేనండీ.”

ఆ గట్ల మాట నాన్నకి తెగ నచ్చింది. సి విండోస్‌కి, డి అమ్మకి, ఇ నా ఆటలకి. డి డ్రైవ్‌కి ఇంగ్లీషు అక్షరాల్లో ‘అమ్మ’ అని పేరు కూడా పెట్టించారు. సత్యంగారు నొక్కిన ప్రతి మీటా నేను నోట్‌బుక్‌లో రాసుకున్నాను. క్లాసులో ఏనాడూ అంత శ్రద్ధగా రాసిన పాపాన పోలేదు.

ఇక రోజూ మధ్యాహ్నం చెరువు ఇంజను ఆపించి, కోళ్ళని దూరంగా తోలి, మైకుకి జేబురుమాలు చుట్టి అమ్మ ముందు పెట్టేవాళ్ళం. ఎండ కిటికీలోంచి ఆమె ఒళ్ళోకి జారేది, అమ్మ కళ్ళు మూసుకుని పాడేది, బయట నీళ్ళు కూడా కదలడం మానేసినట్టుండేది. నెల తిరిగేసరికి ముప్పై ఎనిమిది పాటలయ్యాయి.

ఏలూరు ప్రయాణానికి ముందురోజు ఒక్క పాట మిగిలింది, అన్నిటికన్నా పొడుగైన క్రిస్మస్ పాట. దానికి డిలో చోటు చాల్లేదు, ఇలోనూ చాల్లేదు, రెండింట్లో మిగిలింది కలిపితే మాత్రం పడుతుంది. నా ఆటలు తీసేస్తే సరిపోయేది. ఆ సంగతి నాకు తట్టింది కూడా. నోరు మెదపలేదు.

“గట్టుకి గండి కొట్టేద్దాం అమ్మలూ,” అన్నారు నాన్న. “పిల్ల చేపలు ఎదిగాక రెండు చెరువుల మధ్య మనం కొట్టమా? ఒక్క చేపన్నా పోతుందా? గండెప్పుడూ నిండిన చెరువు వైపు నుంచే కొట్టాలి.”

నిండింది డి. నోట్‌బుక్ చూసుకుంటూ నల్ల తెర తెరిచాను. అది ఇంగ్లీషులో ఏదో హెచ్చరించింది, చదివి వినిపిస్తే, “అందరికీ అలాగే చెబుతుందిలే,” అన్నారు నాన్న. తీసెయ్యాల్సిన డ్రైవ్ పేరు టైపు చెయ్యమంది. పోయేది గట్టొక్కటే అనుకుని ‘అమ్మ’ అని కొట్టాను. నిజంగానేనా అంది. వై నొక్కాను.

మళ్ళీ ఆన్ చేస్తే డి ఉంది, అందులో నా ఆటలున్నాయి. ఇ లేదు, అదే డిగా మారింది. పాటలు ఎక్కడా లేవు. ఫోన్ చేస్తే సత్యంగారు, “ఆ పాటలు ఇంక రావండీ,” అన్నారు. ఆపరేషన్ అయ్యేదాకా అమ్మకి చెప్పొద్దన్నారు నాన్న, ఆఖరి పాటకి మిషన్ మొరాయించిందని ఆమెకి చెప్పారు.

మర్నాడు ఏలూరు బస్సులో అమ్మ కిటికీ పక్కన కూర్చుని కొల్లేటి నీళ్ళు చూస్తూ, “ఒక్కటి పోతే పోయిందిలెండి. తక్కినవన్నీ ఇంట్లో భద్రంగా ఉన్నాయిగా,” అంది. నాన్న తల అటు తిప్పుకున్నారు. అంత సిగ్గు నేను మళ్ళీ ఎప్పుడూ పడలేదు.

కుట్లు మానాయి గానీ గొంతు బొంగురుపోయింది. ఇంటికి రాగానే పాటలు పెట్టమంది అమ్మ.

“పోయాయే. నేనే తప్పు మీట నొక్కేశాను,” అన్నారు నాన్న.

“అయితే ఇప్పుడు చోటుందిగా,” అని అమ్మ, మైకుకి జేబురుమాలు చుట్టమంది. ఆ పొడుగు పాట బొంగురు గొంతుతోనే, ఆగుతూ ఆగుతూ, చివరిదాకా పాడింది.

తర్వాత కొన్నేళ్ళకి కొల్లేటిని కాపాడాలని సర్కారువాళ్ళు చెరువుల గట్లు తెంపించేశారు. తవుడు వాసన పోయింది, రేకు డబ్బా చప్పుడు పోయింది, నాన్నా పోయారు. ఉన్నన్నాళ్ళూ ఆ తప్పు ఆయన తన మీదే ఉంచుకున్నారు. అమ్మ బొంగురు పాట నా ఫోన్‌లో ఉంది. అసలు గొంతు ఎలా ఉండేదో గుర్తు చేసుకోబోతే ఈ గొంతే అడ్డొస్తోంది.

డిస్కు పట్టుకుని వంటింట్లోకి వెళ్ళాను. అమ్మ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది.

“నా ఆటలు తీసేస్తే చోటొచ్చేదమ్మా. నేను చెప్పలేదు. ఆ మీట నొక్కింది కూడా నేనే.”

అమ్మ తలెత్తలేదు. “తెలుసులే. మీ నాన్నకి ఏ మీట ఎక్కడుందో తెలుసా ఏంటి?” అని, చిక్కుడుకాయల చాట నా వైపు జరిపింది.