నేను పెట్టని పేరు

దయ్యాలంటే నాకు మొదటి నుంచీ నవ్వే. పన్నెండేళ్లుగా కోయిలకుంట్లలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతున్నాను. మా అమ్మ గడపకు నిమ్మకాయ కడితే, తెంపి పప్పులో పిండిన మనిషిని. ఇది చదివి ఈమెకు మతి చెడిందని అనుకుంటే అనుకోండి, నాకు పోయేదేమీ లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నిరుడు మా బడి మూసేస్తారన్న మాట పుట్టింది. ఇంకో పని నేర్చుకోక తప్పదని ఆన్‌లైన్‌లో క్లౌడ్ కంప్యూటింగ్ కోర్సులో చేరాను. ఎక్కడో దూరాన ఉన్న కంప్యూటర్లను మన లాప్‌టాప్ నుంచి నడపడమే క్లౌడ్ అంటే. రోజుకో చిన్న అభ్యాసం ఇచ్చేవారు. ఒక వరుస టైపు చేస్తే సర్వర్, అంటే అక్కడ మన పేరున ఒక కంప్యూటర్, పుడుతుంది. ఇంకో వరుస కొడితే ఆగుతుంది, మరో వరుసతో మళ్లీ నడుస్తుంది. చివరిది టర్మినేట్. అది కొడితే సర్వర్ పూర్తిగా పోతుంది, ఇక తిరిగి రాదు. మధ్యలో ఒక చిన్న గీత మరిచిపోయినా ఆ కంప్యూటర్ ఒప్పుకోదు. లెక్కల టీచర్ని కదా, ఆ పట్టింపు నాకు భలే నచ్చింది.

ప్రతి సర్వర్‌కూ ఒక పేరు పెట్టాలి. అందరూ టెస్ట్ ఒకటి, టెస్ట్ రెండు అని పెట్టుకుంటారు. నేను ఓబులేసు అని పెట్టాను.

ఓబులేసు మా పెద్దనాయన కొడుకు. ఊళ్లో మా రెండిళ్లకూ కలిపి ఒకటే బోరు. ఒక రోజు వాళ్లు, ఒక రోజు మేము నీళ్లు కట్టుకోవాలి. మా వంతు రోజున నా తమ్ముడు రమణ మోటరు వేయబోతే ఓబులేసు గడ్డపార తీసుకుని వాడి మోచేతి మీద కొట్టాడు. ఎముక తోలు చీల్చుకుని బయటికి వచ్చింది. కింద పడ్డవాణ్ని రొమ్ము మీద తన్నాడు కూడా. పెద్దమనుషులు కూర్చుని, "అన్నదమ్ములు గదప్పా, కడుపులో పెట్టుకోండి" అని తేల్చేశారు. థూ, ఏం పెద్దమనుషులో!

మా అమ్మ నారాయణమ్మ ఊరుకోలేదు. నేరుగా ఓబులేసు వాకిట్లోకి పోయి దోసిళ్లతో మన్ను ఎత్తి పోసింది. "నీ మింద బండ పడ! నీ రొమ్ము పగల!" అని ఊరంతా వినేటట్టు తిట్టింది. మా పక్క ఆడవాళ్లు కడుపు మండితే అట్లా మన్ను పోసి శాపం పెడతారు. చదువుకున్నదాన్ని, టీచర్ని, నేను వీధిలో మన్ను పోయలేను. అందుకే సర్వర్‌కు ఆ పేరు పెట్టుకున్నాను.

ఆ బుధవారం మూడో పీరియడ్ నాకు ఖాళీ. స్టాఫ్ రూములో కూర్చుని ఆనాటి అభ్యాసం తెరిచాను. సర్వర్‌ను టర్మినేట్ చేయడమే అభ్యాసం. పళ్లు కొరుకుతూ ఆ వరుస టైపు చేశాను. "పోరా నా కొడకా" అని పైకే అన్నాను. అప్పుడు పది నలభై. పేరు పక్కన టర్మినేటెడ్ అని వచ్చింది.

పదకొండు దాటాక రమణ ఫోన్ చేశాడు.

"అక్కా, ఓబులేసన్న సచ్చిపోయినాడు. నాపరాయి గనిలో బండ లేపుతాంటే తాడు తెగి రొమ్ము మింద పడిందంట. బండ ఎత్తేదానికి ఆరుగురు పట్టినారంట. మనిషి ఆనవాలే ల్యాడంటక్కా."

ఎన్ని గంటలకని అడిగాను. పదిన్నర, పావు తక్కువ పదకొండు మధ్య అన్నాడు. ఆ క్షణంలో నాకు సంతోషం కలిగింది, అబద్ధం చెప్పను. గనుల్లో ప్రమాదాలు కొత్తేం కాదని నాకు నేనే చెప్పుకున్నాను. పోయిన సర్వర్ పేరు కాసేపు జాబితాలో కనబడి, తర్వాత దానంతటదే చెరిగిపోతుంది. అది చెరిగేదాకా చూసి లాప్‌టాప్ మూసేశాను.

శుక్రవారం ఓబులేసు మూడో రోజు కర్మ. ఆ మధ్యాహ్నం భోజనాల వేళ మళ్లీ అభ్యాసం తెరిచాను. ఆనాటి పని శానా తేలిక. నా ఖాతాలో ఉన్న సర్వర్లన్నీ చూపమని ఒక్క వరుస కొట్టాలి, అంతే. ఉన్న ఒక్కటీ తీసేశాను కాబట్టి జాబితా ఖాళీగా రావాలి.

ఒక పేరు వచ్చింది. ఇంగ్లీషు అక్షరాల్లో నారాయణమ్మ.

నేను పెట్టలేదు. దేవుడి మీద ఒట్టు, నేను పెట్టలేదు. ఆ సర్వర్ ఎప్పుడు పుట్టిందో చూపే గడి ఖాళీగా ఉంది. అది ఖాళీగా ఉండడానికి వీల్లేదు. దాని పక్కన స్టాపింగ్ అని ఉంది, అంటే ఆగిపోతోంది.

నడపమనే వరుస కొట్టాను. ఇప్పుడున్న స్థితిలో కుదరదని జవాబు వచ్చింది. మళ్లీ కొట్టాను, మళ్లీ అదే జవాబు. అమ్మకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. తిరిగి చూసేసరికి స్టాప్‌డ్ అని ఉంది. మళ్లీ నడపమని కొట్టబోయి గీత మరిచిపోయాను, తప్పని చూపించింది. "లెయ్ మా, లెయ్!" అని అరిచానట. ఆ సంగతి నాకు గుర్తు లేదు, పక్కనే అన్నం తింటున్న హసీనా టీచర్ చెప్పింది.

"ఏమైంది మేడమ్, ఎందుకట్ల అరుస్తాండారు?" అని ఆమె లేచి వచ్చి స్క్రీను చూసింది. ఆ పేరు ఆమె కూడా చదివింది. గీత పెట్టి మళ్లీ కొట్టాను. ఒకటీ ఇరవైకి రన్నింగ్ అని మారింది.

ఐదు నిమిషాలకు రమణ ఆటోలోంచి ఫోన్ చేశాడు. మాట సరిగ్గా రాలేదు, ముందు పళ్లు రెండు పోయాయి.

"ఓబులేసన్న తమ్ముడు మద్దిలేటి వచ్చినాడక్కా. నీ మన్నే మా అన్నను సంపిందని అమ్మను జుట్టు పట్టి ఈడ్సినాడు. రాయితో నెత్తిన కొట్నాడు, మొగం మింద కొట్నాడు. అడ్డం పోతే నా పండ్లు రాలగొట్నాడు. ఒక్క చెయ్యితో నేనేం ఆపేది? ఆటోలో ఊపిరి ఆగిపోయిందక్కా. పోయిందనుకొని ఏడుస్తాంటే గబుక్కున దమ్ము తీసుకునింది."

ఎప్పుడని అడగలేదు.

అమ్మ కర్నూలు ఆసుపత్రిలో మూడు వారాలు ఉంది. ఎడమ కన్ను పోయింది. మద్దిలేటిని పోలీసులు పట్టుకుపోయారు. వాంగ్మూలం రాసుకోవడానికి వచ్చిన పోలీసాయనతో అమ్మ, "వాన్నేమీ అనొద్దు సార్. మన్ను పోసింది నిజమే. వాళ్లన్నను సంపింది నేనే" అంది. నేను మంచం పక్కనే నిలబడి ఉన్నాను.

ఇప్పుడు అమ్మ నా దగ్గరే ఉంటోంది. అన్నం కలిపి ముందు పెట్టుకుని ఒక్కోసారి ఉన్నట్టుండి ఏడుస్తుంది. "నేను ఎత్తుకొని పెంచినోడు పాపా ఓబులేసు. నా నోటితో నేనే సంపుకుంటిని" అంటుంది. నువ్వు కాదమ్మా అని చెప్పాలని ఉంటుంది. నువ్వు కాకపోతే ఎవరని అడిగితే ఏం చెప్పను? ఆ భయానికి ఇంతవరకూ నోరు మూసుకునే ఉన్నాను. నా తప్పుకు కన్ను పోగొట్టుకున్న మనిషి, ఆ తప్పు తనదేనని ఏడుస్తుంటే చూస్తూ కూర్చున్నాను. ఇంతకన్నా పాపిష్టిదాన్ని నేను చూడలేదు.

కోర్సు అయిపోయి చాలా రోజులైంది. ఆ పేరు మాత్రం జాబితాలో అలాగే ఉంది, రన్నింగ్ అని. కోర్సు వాళ్లకు రాస్తే, మీ ఖాతాలో సర్వర్లేవీ లేవని జవాబిచ్చారు. హసీనా టీచర్ను పిలిచి చూపిస్తే ఆమెకూ కనబడింది. లెక్కలు చెప్పేదాన్ని, ఎన్ని విధాల వేసినా ఈ లెక్క నాకు తేలలేదు.

పొద్దున లేవగానే జాబితా చూపే ఆ ఒక్క వరుస కొట్టి చూస్తాను. ఇంకే వరుసా కొట్టను. నిన్న అమ్మ కాఫీ తెచ్చి పక్కన పెట్టి, ఉన్న కన్నుతో లాప్‌టాప్ వైపు చూసింది.

"పొద్దుపొద్దున్నే ఏం సూస్తాండావు పాపా దాంట్లో?"

"ఏం లేదు మా, ఊరికే" అన్నాను.

మొన్న కోర్సు వాళ్ల దగ్గర్నుంచి మెయిలు వచ్చింది. అభ్యాసం కోసం ఇచ్చిన ఖాతాలన్నీ ఈ నెలాఖరుకు మూసేస్తారట, వాటిలో ఉన్నవన్నీ టర్మినేట్ అవుతాయట. ఆపమని నాలుగుసార్లు రాశాను. మీ ఖాతాలో ఏమీ లేదు కదా మేడమ్ అంటున్నారు.

నెలాఖరుకు ఇంకా తొమ్మిది రోజులు ఉన్నాయి.