మామ్మ కోసం మూలుగ

మా చిన్నప్పుడు... వంటింట్లో ఫుడ్ ప్రాసెసర్ గుర్రుమందంటే ఆ రోజు బుధవారమన్నమాట. మాది అరసవల్లి. ఆదివారం మా ఊరి సూర్యదేవుడి రోజు, నీసు ముట్టం. మాకు మాంసం బుధవారమే.

మా మామ్మ, అంటే నాన్న వాళ్లమ్మ, చుట్టను నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ కాల్చేది. నేను మూడో తరగతిలో ఉండగా ఆమె అంగిట్లో పుండు లేచింది. విశాఖలో ఆపరేషన్ చేశారు. ప్రాణం దక్కింది... నమలడం పోయింది.

అందుకే ఆ మెషిన్ కొన్నారు. మొదటిసారి అమ్మ ఆపకుండా తిప్పేసరికి మాంసం మెత్తటి ముద్దయిపోయింది.

"ఇదేటే కోడలా... మాంసమా, గోంగూర పచ్చడా?" అంది మామ్మ, ఆపరేషన్ తర్వాత ముక్కులోంచి వస్తున్న ఆ కొత్త గొంతుతో. అందరం నవ్వాం. ఆమె కూడా.

తర్వాత అమ్మకు పని పట్టుబడింది. ఎముక తీసేసి, ముక్కలు కాస్త బిగిసేదాకా ఫ్రీజర్‌లో పెట్టి, ఒక్క క్షణం తిప్పి ఆపేది... మళ్లీ తిప్పి ఆపేది. బ్లేడుకు చుట్టుకున్న తెల్లటి నరాలను వేళ్లతో లాగేసేది.

మామ్మకు వేరే వండితే చిన్నబుచ్చుకుంటుందని అందరికీ ఆ కైమాయే వండేది. నెలల తరబడి మా ఇంట్లో ఎముక చప్పుడే లేదు...

ఒక బుధవారం మామ్మ కంచం పక్కకు నెట్టేసింది.

"నాను నమల్లేనని మీకూ పళ్లూడిపోనాయేటి? రేపొచ్చే వారం ముక్కలొండు. మూలుగెముక గుంటకెయ్యి."

"నీ ఎదర ఎలగ తింతామత్తా?" అంది అమ్మ.

"నాను సూస్తాను కదే."

మా వైపు ఆడపిల్లను గుంట అంటారు, ఆ గుంటను నేనే. మరుసటి బుధవారం మూలుగ ఎముక నా కంచంలో పడింది. మామ్మ వైపు చూడలేక, తల వంచుకుని మెల్లగా పీల్చాను. ఆమె పీట జరుపుకుని నా పక్కకు వచ్చింది.

"సప్పుడు రాలేదేటే? గట్టిగా పీల్సు... నాకు ఇనబడాల."

గట్టిగా పీల్చాను. మామ్మ కళ్లు మూసుకుంది. తన గిన్నెలో కైమా అలాగే ఉంది... గొంతు మాత్రం గుటక వేసింది.

చలికాలం రాకముందే పుండు తిరగబెట్టింది. మామ్మ వెళ్లిపోయింది.

ఇంట్లో ఆ మెషిన్ ఇప్పుడు కొబ్బరి తురమడానికే. బుధవారం కూడా మామూలు వారమైపోయింది. నేను విజయనగరంలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాను. ఇక్కడ అందరూ ఫోన్లు చూసుకుంటూ చప్పుడు కాకుండా తింటారు. ఎముక పీలిస్తే తలెత్తి చూస్తారు.

నేను గట్టిగానే పీలుస్తాను.

మీ నోటితో రుచి చూసినవాళ్లు మీ ఇంట్లోనూ ఎవరైనా ఉండేవారా...? చెప్పండి. నాకు వినాలని ఉంది.