కూర్చోని కోచ్

మా తమ్ముడు వెర్లిన్ మా ఇంట్లో చివరిసారి తిన్నది గిన్నెడు చిల్లీ, అదే బీన్సూ మాంసం కూర, పక్కన దాల్చినచెక్క రొట్టె. వంటగట్టు దగ్గర నిలబడే తిన్నాడు. కుర్చీ లాగితే, "మూడు గంటలు బస్సులో కూర్చునే వచ్చానక్కా," అన్నాడు. గిన్నె కడిగి బోర్లించి, టై సరిచేసుకుని, మంచులో పడి ఆట హాలుకి నడిచాడు.

వాడు హార్లో కాలేజీ బాస్కెట్‌బాల్ కోచ్. పెళ్లి చేసుకోలేదు. మా ఊరి ఆల్డర్‌టన్ కాలేజీ వాళ్లకి పాత ప్రత్యర్థి.

ఆ ఏడు వాడు బెంచీ మీద కూర్చోవడమే మానేశాడు. కాన్ఫరెన్స్‌లో, అంటే ఆ కాలేజీల లీగ్‌లో, ఏ అరీనాకి వెళ్లినా "కూర్చో కోచ్, కూర్చో!" అని కుర్రకారు కేకలు. ఒకచోట హాస్టల్ నుంచి పడక్కుర్చీ మోసుకొచ్చి బెంచీ వెనక వేశారు. వాడు వంగి దణ్ణం పెట్టి, తన కోటు దాని మీద పరిచి, మళ్లీ కోర్టు పక్క గీత దగ్గరికి పోయి నిలబడ్డాడట. హాలంతా నవ్వింది.

సీజన్ ఓటములతో మొదలైంది. క్రిస్మస్ తర్వాత కుర్రాళ్లు కుదురుకున్నారు. ఆల్డర్‌టన్‌ని ఓడిస్తే కాన్ఫరెన్స్ టోర్నమెంట్. హార్లో అక్కడికి వెళ్లి ఏళ్లయింది. "ఒక్కసారి వీళ్లకి ఆ పెద్ద అరీనా చూపిస్తే చాలక్కా," అని ఫోన్లో అన్నాడు. తన కోసం వాడు ఏదీ అడిగే రకం కాదు.

ఆ రోజు ఆటకి మా సీట్లు వాళ్ల బెంచీ వెనకే. పక్కింటి లోర్నా నోరు ఆగదు.

"ఏమయ్యా వెర్లిన్, కుర్చీలో మేకులున్నాయా?"

"నువ్వొచ్చి చూడు లోర్నా, నీకు సరిపోతుందేమో," అన్నాడు వెనక్కి తిరక్కుండానే.

చివరి నిమిషం. హార్లో ఒక్క పాయింటు ముందుంది. వాడు అరుస్తూ, కోచ్‌లు దాటకూడని గీత దాటాడు. అంతకు ముందే రెండుసార్లు దాటాడు. రిఫరీ వచ్చాడు.

"వెళ్లి కూర్చో కోచ్."

"గీత లోపల నిలబడతాను."

"నిలబడమనలేదు. కూర్చోమన్నాను."

వాడు కుర్చీ వంక చూశాడు. పక్కనున్న అసిస్టెంట్ కర్టిస్ వంక చూశాడు. కూర్చోలేదు. రిఫరీ శిక్షగా టెక్నికల్ ఫౌల్ ఇచ్చాడు. దాంతో ఆల్డర్‌టన్‌కి దక్కిన రెండు ఫ్రీ త్రోలూ మావాళ్లు బుట్టలో వేశారు. ఒక్క పాయింటుతో హార్లో ఓడిపోయింది.

బస్సు దగ్గర పట్టుకున్నాను. కుర్రాళ్లు ఎక్కేశారు.

"ఒక్క నిమిషం కూర్చుంటే నీ సొమ్మేం పోయేదిరా?"

"కూర్చునేవాణ్ణయితే బ్యాంకులో పనిచేసేవాణ్ణి," అన్నాడు. నవ్వలేదు. "చిల్లీలో ఉప్పు తగ్గిందక్కా."

రెండ్రోజుల తర్వాత, తన ఇంటి ముందు మంచు తోస్తూ పడిపోయాడు. గుండెపోటు. ఆ కబురు చెప్పిన ఫోన్ పెట్టేశాక నేను బట్టలు ఆరబెట్టే మెషీన్లోంచి తువ్వాళ్లు తీసి మడతపెట్టాను. అన్నీ మడతపెట్టాను. ఏడుపు రాలేదు. ఇప్పటికీ సరిగ్గా రాలేదు.

అంత్యక్రియల తర్వాత చర్చి కింద హాల్లో భోజనాలు. మడత కుర్చీలు వరసగా వేశారు. వచ్చినవాళ్లంతా అదే మాట: "భలే మొండివాడు, కూర్చునేవాడే కాదు." ఒకాయన గొంతు తగ్గించి, "ఆ మొండితనమే టోర్నమెంట్ పోగొట్టింది," అన్నాడు. తల ఊపాను. నేనూ అదే అనుకున్నాను కాబట్టి.

కర్టిస్ కాఫీ తెచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"మొండితనం కాదమ్మా. తుంటి కీలు అరిగిపోయింది. కూర్చుంటే తనంతట తను లేవలేడు. సీజన్ అయ్యాక ఆపరేషన్ చేయించుకుంటానన్నాడు. ఎవరికీ చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకున్నాడు."

"మరి బస్సులో?"

"ఎప్పుడూ చివర దిగేవాడు కదా. కుర్రాళ్లంతా దిగిపోయాక, నేను రెండు చేతులూ పట్టుకుని పైకి లేపేవాణ్ణి."