చుట్టూ చూసే కెమెరా

ఆ రోజుల్లో 'వినూత్నం' అనే మాట వింటే చాలు, నాకు ఒళ్ళు పులకరించేది. ఇప్పుడు వింటే ఒళ్ళు మండుతుంది. ఈ రెంటికీ మధ్య జరిగింది ఒక గ్రాంటు. జేకేపూర్ కాలనీలో నర్సమ్మగారి కూతుర్ని, ఒడిశాలోని రాయగడ కేబుల్ చానల్‌కి ప్రారంభోత్సవాలు తీసి పెడుతూ బతుకుతున్నదాన్ని. అలాంటి నాకు, అభివృద్ధి సమస్యల మీద వినూత్న జర్నలిజం చెయ్యమని సముద్రాల అవతలి సంస్థ ఒకటి డబ్బిచ్చింది. దానితోపాటు ఒక గుండ్రటి కెమెరానీ, నా మీద అజమాయిషీకి ఢిల్లీ మేడమ్‌నీ పంపింది. (నోరు తెరిస్తే 'ఇంపాక్ట్' అంటారని మా మావయ్య ఆవిడకి ఇంపాక్టమ్మ అని పేరు పెట్టాడు.) ఆ కెమెరా చుట్టూ ఉన్నదంతా ఒకేసారి తీస్తుంది. చూసేవాళ్ళు కళ్ళకి ఓ పెట్టె తగిలించుకుని తల ఎటు తిప్పితే అటు కనబడుతుంది.

పొట్టంగి పైన కొండ మీద ఒక ఊరు. కొళాయిలు వేశారు, ట్యాంకు కట్టారు, ఊట నుంచి ట్యాంకుకి గొట్టం మాత్రం వెయ్యలేదు. దాని కోసం ఊరి ఆడవాళ్ళు బ్లాకు ఆఫీసులో అర్జీ పెట్టుకుని తిరుగుతున్నారు. ఆ ఎండిన కొళాయిలు తీద్దామని నా ఆలోచన. కానీ షూటింగుకి ముందే అధికారులకి కబురు చెయ్యాలని గ్రాంటు నియమమట, నైతికతట! ఇంపాక్టమ్మ కబురు చేశారు. మేం వెళ్ళేసరికి కొళాయిల్లో నీళ్ళు ధారగా పడుతున్నాయి. ట్యాంకు దగ్గర ఓ నీళ్ళ లారీ నిలబడి ట్యాంకుని నింపుతోంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"కోపం ఎందుకే అమ్మీ? లారీని కూడా తీసీ. ఎనకాలున్నది కూడా పడతాదన్నావు గదేటి?" అన్నాడు మా కారు నడిపిన మావయ్య. నిజమే! కెమెరాని మధ్యలో నిలబెట్టాను. ముందు కొళాయిలు, వెనక లారీ. మేం అందులో పడకూడదు గనక ముగ్గురం పొదల్లో దాక్కున్నాం. (ఇంపాక్టమ్మ ఎర్రచీమల మీద కూర్చున్నారు. ఆ రోజు జరిగిన న్యాయం అదొక్కటే.)

భువనేశ్వర్‌లో పెద్ద హోటల్లో ప్రదర్శన. సంస్థ పెద్దలూ, అధికారులూ వరసగా కూర్చుని పెట్టెలు తగిలించుకున్నారు. నేను గోడ పక్కన ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. కాస్త తల తిప్పితే చాలు, లారీ. ఒక్కరంటే ఒక్కరు తిప్పలేదు! పాస్‌పోర్టు ఫొటోకి కూర్చున్నట్టు నిటారుగా ముందుకే చూశారు. నీళ్ళు చూసి "వావ్" అన్నారు. నాకు వచ్చిన ఇంగ్లీషూ ఒడియా రెండూ ఎగిరిపోయాయి. "ఎనక్కి తిరగండి బాబూ! మెడలు పట్టీసినాయేటి మీకు?" అని అరిచాను. ఎవరికీ అర్థం కాలేదు. "తను ఎమోషనల్ అయింది," అని ఇంపాక్టమ్మ సర్దిచెప్పారు. హాలంతా చప్పట్లు కొట్టింది. ఆ సినిమానే సాక్ష్యంగా చూపించి బ్లాకు ఆఫీసు ఊరివాళ్ళ అర్జీని మూసేసింది. నీళ్ళు వస్తున్నాయి కదా, ఇంకేం కావాలట! ఇది రాస్తుంటే ఇప్పటికీ పళ్ళు నూరుకుంటున్నాను.

మొహం చెల్లకపోయినా పెట్టె పట్టుకుని ఆ ఊరికి వెళ్ళాను. అర్జీ పెట్టించిన పెద్దావిడ (పొట్టంగి సంతలో అల్లం అమ్ముతూ మన తెలుగు నేర్చింది) దాన్ని తగిలించుకుంది. కొళాయిల వైపు చూడనైనా లేదు, గిర్రున వెనక్కి తిరిగింది.

"లారీ ఇక్కడే ఉంది గదేటి! ఆళ్ళకి సూపించలేదేటి అమ్మీ?"

"సూపించేనమ్మా. ఆళ్ళు తిరగలేదు."

ఆవిడ పెట్టె తీసి నా చేతిలో పెట్టి, బిందె ఎత్తుకుని ఊట దారి పట్టింది.

ఇప్పుడు నేను మామూలు ఫోనుతో తీస్తున్నాను. అది ఒక వైపే చూస్తుంది, ఆ వైపేదో నేనే చెబుతాను. గొట్టం ఇంకా రాలేదు, నా కోపమూ తగ్గలేదు. కానీ హోటల్ గోడకి ఆనుకుని ఊపిరి బిగబట్టిన ఆ పిల్ల గుర్తొస్తే మాత్రం నవ్వొస్తుంది. అన్ని వైపులా కనబడేలా చేస్తే చాలు, అందరూ చూసేస్తారనుకుంది, పిచ్చి మొహం.