రెక్క కుట్టిందెవరు?

ముప్పై నాలుగేళ్లు విమానాల ఫిట్టరుగా చేసిన ఆ మనిషి ఒక్కసారైనా విమానం ఎక్కలేదు. ఎందుకని అడిగితే, "నేనూ ఎక్కేస్తే కింద చూసేవాడెవడు?" అనేవాడు. రిటైరయ్యాక ఊరి చివర షెడ్డులోని విమానాల మ్యూజియానికి కాపలావాడూ, గైడూ, ఊడ్చేవాడూ అన్నీ తనే.

ఆ షెడ్డుకి గడువు పడింది. సోమవారంలోగా ఊరివాళ్ల సంతకాలు మూడొందలు తెస్తే ఏడాది పొడిగింపు, లేదంటే విమానాలు పాత ఇనుము కింద పోతాయని ఆఫీసువాళ్లు తేల్చేశారు. మూడు వారాలు గడపగడపా తిరిగితే పడ్డవి పందొమ్మిది. అందులో ఏడు చుట్టాలవే.

"ఇంజన్ల హార్స్‌పవర్ లెక్కలు చెబితే సంతకం ఎవరు పెడతారండీ? జనాన్నే ఇక్కడికి పట్టుకొస్తానుండండి," అంది భార్య. అన్నట్టే ఆదివారం నలభై మందిని వెంటబెట్టుకొచ్చింది.

ఆయన గంటసేపు చెప్పాడు. విమానం చుట్టూ కట్టిన తాడుకి ఇవతల నిలబడ్డవాళ్లు ఆవులింతలు మింగుతూ మెల్లగా తలుపువైపు జరిగారు. ఆయన చూపు అలవాటుగా గోడమీది పనిముట్ల బోర్డు మీదికి పోయింది. ప్రతి పనిముట్టు వెనకా దాని ఆకారంలోనే నల్లరంగు గుర్తు ఉంటుంది. పదో నంబరు పానా ఉండాల్సిన చోట ఒట్టి గుర్తే ఉంది.

"ఎవరూ కదలొద్దు!" అని తలుపు మూసేశాడు.

"మమ్మల్ని దొంగల్ని చేశారేంటి మావయ్యా?" అన్నాడు సెలూనాయన.

"అది కాదయ్యా. పానా విమానంలో ఉండిపోతే గాల్లో ఉండగా తోకనీ రెక్కల్నీ కదిపే తీగలకి అడ్డుపడుతుంది. దొరికేదాకా చీమ కూడా బయటికి పోకూడదు."

"ముప్పై ఏళ్లుగా లేవని విమానానికా!"

"అయినా సరే."

షెడ్డంతా గొల్లున నవ్వింది. "ఇంట్లో చెంచాలన్నీ మాయమైనా పట్టదు ఈయనకి," అంటూ భార్యే ముందు వంగింది. వెతకాలంటే తాడు విప్పక తప్పదు. విప్పాడు.

ఇక చూడాలి! ఒకరు సీటు కింద, ఒకరు తోక దగ్గర, సెలూనాయన ఏకంగా విమానం కడుపు కింద వెల్లకిలా. "ఈ తీగ లాగితే ఏం కదులుతుంది?" "ఇంత పల్చటి గుడ్డతో ఎలా ఎగిరింది?" ఆయనకి జవాబులు చెప్పడానికి ఊపిరాడలేదు.

రెక్క మీద వేలితో తడుముతూ టైలరమ్మ ఆగిపోయింది. "అన్నయ్యా, ఇది చేతికుట్టు. ఇక్కడిదాకా ఒకరు, ఇక్కణ్ణుంచి ఇంకొకరు. రెండోవాళ్లది ఎడమచేతి వాటం. ఎవరు వాళ్లు?"

ఆయన ఆ రెక్కని వందసార్లు తుడిచాడు గానీ, కుట్టిందెవరన్న ఆలోచనే రాలేదు. "తెలీదమ్మా," అన్నాడు, దారం మీదికి వంగి.

పానా చక్రం సందులో దొరికింది. అయినా ఎవరూ కదల్లేదు. పోయేటప్పుడు, తమ వీధిలో పెట్టిస్తామంటూ తలా ఒక సంతకాల కాగితం పట్టుకుపోయారు.

సోమవారం ఆయన తెచ్చిన కాగితాల్లో సంతకాలు ఆఫీసు గుమాస్తా లెక్కపెట్టాడు. మూడొందల ఎనిమిది. పొడిగింపు ముద్ర వేస్తూ, 'కారణం' అన్న గడిలో రాతలు చదివాడు. 'తోకలోకి ఇంకా దూరలేదు.' 'రెక్క కుట్టినవాళ్లెవరో తేలాలి.'

"ఇంతకీ ఎవరండీ కుట్టింది?"

"తెలీదు బాబూ. వెతుకుతున్నాం."

గుమాస్తా అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఎన్నింటికి తెరుస్తారు?"