అది పత్తి మందు

నా చిన్నప్పుడు, తొమ్మిదేళ్లకే, కొట్టునిండా మనుషులుండగా మా తాతయ్యను అబద్ధాలకోరుగా పట్టిచ్చిన ఘనత నాది.

పర్చూరులో మాది పురుగుమందుల కొట్టు. ఒక మిరప రైతు వచ్చి, పక్క చేలో పత్తిని నిలబెట్టిన మందే తనకూ కావాలన్నాడు. అయిపోయిందన్నాడు తాతయ్య. చేతికొచ్చిన బేరం జారిపోతుంటే నా ప్రాణం ఊరుకోలేదు.

"తాతయ్యా, నువ్వు కూర్చుంది ఆ డబ్బా మీదే కదా!"

అందరూ గొల్లుమన్నారు. తాతయ్య తొణకలేదు.

"ఉందిరా. నీకివ్వను. అది పత్తి మందు. నీ మిరప మీద కొడితే పూతంతా మాడిపోద్ది."

"డబ్బులిచ్చేది నేను కదయ్యా!"

"తోటా నీదే కదరా!"

రైతు విసురుగా వెళ్లిపోయాడు. సాయంత్రం తాతయ్య సైకిలేసుకుని అతని తోటకే వెళ్లి, ఆకులు తిరగేసి చూసి, వేరే మందు, అదీ చవకది, ఇచ్చి వచ్చాడు. చవకదాని కోసం అంత దూరం తొక్కాడా అని నేను మూతి ముడుచుకున్నాను. ఆ ఏడు ఆ తోట విరగకాసినప్పుడు మాత్రం, అది మా తాతయ్య మందేనని బడిలో చాటింపు వేసింది నేనే.

నిరుడు నాకు రొమ్ముటెముక వెనక, థైమస్ అనే గ్రంథిలో క్యాన్సర్ గడ్డ బయటపడింది. అరుదైనదట. కోయడానికి వీల్లేని చోటికి పాకింది కాబట్టి మందులే దిక్కన్నారు. గుంటూరు డాక్టరమ్మ కీమో రాసింది. నేను బేరానికి దిగాను. పక్కింటాయన ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు పనిచేసిన ఇమ్యునోథెరపీ ఇంజెక్షనే నాకూ కావాలన్నాను. దానికి జుట్టూడదని విన్నాను మరి.

"అది మీకు పడదమ్మా. ఒంట్లో రోగాలతో పోరాడే కణాలను అది ఉసిగొల్పుద్ది. మనవాళ్లెవరో పైవాళ్లెవరో ఆ కణాలకు నేర్పేది ఈ థైమసే. అదే చెడినప్పుడు ఉసిగొల్పితే, మీ గుండె మీదే పడొచ్చు."

"డబ్బులిచ్చేది నేను కదమ్మా!" అనేశాను.

 ఆ మిరప రైతు నా గొంతులోంచే మాట్లాడాడు. అడిగింది ఇచ్చేవాళ్లు వీధికొకరు దొరుకుతారు. బేరం పోయినా సరే, చూసి కాదనగల మనుషుల్ని నేను ఇద్దరినే ఎరుగుదును. అందులో ఒకరి చేతుల్లో పెరిగాను, రెండోవారి ముందు కీమో సూదికి చెయ్యి చాపాను.

లెక్క దాచకుండా చెబుతాను. గడ్డ సగం కరిగింది, పోలేదు. జుట్టు పోయి మళ్లీ వచ్చింది. వేళ్ల తిమ్మిరి వచ్చి ఉండిపోయింది. ఆయాసం తగ్గి మేడ మెట్లెక్కుతున్నాను. మళ్లీ పెరిగితే మాత్రలున్నాయట, పనిచేస్తాయని మాత్రం డాక్టరమ్మ మాట ఇవ్వనంది. ఇంతటి బేరగత్తెనూ, ఆ మాట ఇమ్మని ఆమెను రెండోసారి అడగలేదు.