చేరానని ఎత్తే చెయ్యి

నాకు కుళ్ళుగా ఉంది. ఈ మాట ఇంట్లో అంటే నవ్వుతారు, కొలను దగ్గర అంటే జాలిపడతారు, అందుకని ఇక్కడ రాస్తున్నాను. ఈ వేసవిలో తెనాలిలో మా పేట పిల్లల ఈత జట్టుకి కొత్త కోచ్ వచ్చింది. వచ్చింది అనడం కూడా తప్పే. ఆ అమ్మాయి ఎక్కడినుంచో ఊడిపడలేదు, చిన్నప్పుడు నా దగ్గరే ఈత నేర్చుకుంది. నీళ్ళంటే భయపడి నా మెడ పట్టుకుని వేలాడిన పిల్ల ఇప్పుడు మెడలో విజిలు వేసుకుని గట్టు మీద తిరుగుతుంటే, నేను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని మనవరాలి తువ్వాలుకీ చెప్పులకీ కాపలా కాస్తున్నాను.

కుర్చీ వాళ్ళే వేశారు. నీడపట్టున, గౌరవంగా. ఆ గౌరవమే నాకు ఒంటికి పడటం లేదు.

నేను కరెంటాఫీసులో గుమాస్తాగా చేసేవాణ్ణి. ఆఫీసుకి ముందూ, ఆఫీసు తర్వాతా నా పని ఈత. అప్పట్లో కొలను ఎక్కడిది, కాలవే. పరీక్షలు అయిపోయిన రోజు నుంచి కాలవ కట్టేసే రోజు దాకా, మా ఈతకి వేసవి అంటే అంతే. పైన నీళ్ళు ఆపేశారంటే చూస్తుండగానే అడుగున బురద తేలేది. ఆ లోపల పిల్లలు అవతలి ఒడ్డు తాకాలి. మునగకుండా నడుముకి జీలుగు బెండ్లు కట్టి దింపేవాళ్ళం. ఈది అటు చేరినవాళ్ళు తిరిగి వంతెన మీంచి నడిచి వచ్చేవాళ్ళు. నాకంటే ముందు జట్టుని చూసింది పెద్ద మాస్టారు. మిషన్ స్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసేవారు. నా నడుముకి బెండ్లు కట్టింది ఆయనే.

ఆయన పెట్టిన ఆనవాయితీ ఒకటుంది. అవతలి ఒడ్డు తాకిన పిల్లలు వెనక్కి తిరిగి, ఇవతల నిలబడ్డ మాస్టారికి చెయ్యెత్తి చూపించాలి, చేరానని. మాస్టారు కూడా చెయ్యెత్తాలి, చూశానని. అప్పటిగ్గానీ తర్వాతివాళ్ళు నీళ్ళలో దిగకూడదు. కొన్నాళ్ళకి కాలవ నిండా గుర్రపుడెక్క అల్లుకుంది, మురుగు కలిసింది, పేటవాళ్ళు పూనుకుని కొలను కట్టించారు. ఆనవాయితీ మాత్రం పోలేదు. మొదట వచ్చినవాళ్ళూ, చిట్టచివర వచ్చినవాళ్ళూ గోడ తాకగానే చెయ్యెత్తుతారు. ఎన్ని వేసవులు, ఎన్ని చేతులకి నా చెయ్యి లేచిందో. అదొక్కటీ నాదే అనుకున్నాను.

తర్వాత నా కుడి భుజం పట్టేసింది. తల దువ్వుకోవాలన్నా ఎడమ చెయ్యే దిక్కు. చెయ్యెత్తలేని మాస్టారిని పెట్టుకుని ఏం చేస్తారు? పేట పెద్దలు ఇంటికొచ్చి, కాఫీ తాగి, "మీరు పెద్దరికంగా అట్టా కూర్చోండి, చాలండి" అన్నారు. ఆ కప్పులు కడిగేలోపే ఆ అమ్మాయిని పెట్టేశారు.

ఆ అమ్మాయి చేసిన మొదటి పని బెండ్లని అటకెక్కించడం. రెండోది ఇంకా ఘోరం, నేను నేర్పిన బారనే మార్చేయడం. కాలవలో ఎదురు రేవుకి గురిపెట్టి ఈదితే వాలుకి కొట్టుకుపోయి ఎక్కడో దిగువన తేలతారు. రేవుకి ఎగువన ఉన్న దేన్నో చూస్తూ ఈదితే సరిగ్గా రేవు దగ్గరికి చేరతారు. మాకు ఎగువ ఎడమ పక్క. అందుకే తల పైకి పెట్టి, ఎడమకి లాగి బారలు వేయమని నేర్పేవాణ్ణి. కొలనులోకి వచ్చాక కూడా అలాగే నేర్పాను, ఒంట్లో ఇంకిపోయిన విద్య కదా. దాంతో కాలవ మొహం చూడని పిల్లలు కూడా కదలని నీళ్ళలో ఎడమకి పోయి పోయి వరసల మధ్య కట్టిన తాడుకి కొట్టుకునేవాళ్ళు. లేని ప్రవాహానికి ఎదురీదేవాళ్ళు. "తెనాలోళ్ళు తాడు పట్టుకుని ఈదుతారంట" అని పక్క ఊళ్ళ జట్లు నవ్వేవి.

ఒకప్పుడు బాపట్ల పోటీల్లో ఆ అమ్మాయి కూడా అలాగే తాడుకి చిక్కుకుని ఆఖర్న వచ్చింది. ఏడుస్తూనే నాకు చెయ్యెత్తింది. ఇప్పుడు ఒక్కొక్క పిల్ల చేతా నీళ్ళలో తల పెట్టించి, అడుగున గీసిన నల్ల గీత చూపించి, ఆ వంకర తీస్తోంది. నేను అరిచి అరిచి గొంతు పోగొట్టుకున్న తప్పుల్ని ఆ అమ్మాయి సెల్‌ఫోన్లో తీసి చూపిస్తే, పిల్లలు నవ్వుకుంటూ దిద్దుకుంటున్నారు. "అక్క వచ్చాక మావాడు పొద్దున్నే వాడంతట వాడే లేస్తున్నాడండి" అని ఒక తల్లి సంబరంగా చెప్పింది. ఆ మాట చెప్పుకోవడానికి ఆమెకి నేనే దొరికాను.

మనవరాలికి ఈత అంటించింది నేను. మూడో తరగతి చదువుతోంది. మొన్న స్కూటీ మీద ఇంటికి తీసుకెళ్తుంటే వెనక నుంచి అంది.

"తాతయ్యా, తల పైకెత్తి ఈదితే మెడ నెప్పెడుతుందంట. అక్క చెప్పింది."

"మీ అక్కకి ఈత నేర్పింది ఎవరో అడుగు."

"అడిగా. నువ్వేనంట. తల దించడం మాత్రం తనే నేర్చుకుందంట."

బండిని ఒక గుంటలో వేశాను. కావాలని కాదు.

ఈసారి బాపట్ల పోటీలకి పాత కోచ్‌లని కూడా పిలవాలని పట్టుబట్టింది ఆ అమ్మాయే. "పెద్ద మాస్టార్ని మీరే తీసుకురావాలి మాస్టారూ. నేను పిలిస్తే రారేమోనండి" అంది. చూశారా, ఎంత మంచిదో. చెడ్డదైతే నాకెంత సుఖంగా ఉండేదో.

పెద్ద మాస్టారు ఇప్పుడు రేపల్లెలో కూతురి దగ్గర ఉంటున్నారు. పాసింజరెక్కి వెళ్ళాను. వరండాలో కూర్చుని ముంజెలు తింటున్నారు. ఎలా ఉన్నావని కూడా అడగకుండా, నా ముందుకి రెండు కాయలు తోశారు.

"పిల్లలు ఇంకా చెయ్యెత్తుతున్నారంట్రా?"

"ఎత్తుతున్నారండి. నాక్కాదు."

బొటనవేలితో ముంజె తోడుకుంటూ నవ్వారు.

"మండుతోందా?"

"మండుతోందండి."

"నీకు జట్టు అప్పజెప్పాక నేను కాలవకట్ట వైపు రావడం మానేశాను, గుర్తుందా? ఎందుకనుకున్నావు?"

"మోకాళ్ళ నెప్పులన్నారు కదండి."

"మోకాళ్ళకేంరా, నిక్షేపంగా ఉండేవి. నిన్ను చూళ్ళేక. బజారుకి పోవాలన్నా చుట్టు తిరిగి పోయేవాణ్ణి. మా ఆవిడ పోట్లాడేది."

అది విని నాకు కాస్త ఊరట కలగాలి. కలగలేదు. ఆయనంతటివారు నా మీద కుళ్ళుకున్నారంటే అప్పట్లో నేనెంత గొప్పగా ఉండేవాణ్ణో అనిపించింది, అనిపించి ఇంకాస్త మండింది.

"ఎన్నాళ్ళకి తగ్గిందండి?" అని అడిగాను.

ఆయన ఖాళీ కాయ పెరట్లోకి విసిరి, "బాపట్లకి ఏ బండికి పోవాలి?" అన్నారు.

బాపట్లలో మా ఇద్దరినీ ముందు వరసలో కూర్చోబెట్టి, ఆ ఎండలో శాలువాలు కప్పారు. మెడ చుట్టూ చెమట. ఎదురుగా ఆ అమ్మాయి మా పిల్లల్ని చుట్టూ చేర్చుకుని ఏదో చెబుతోంది, వాళ్ళు ఆ మొహం మీంచి కళ్ళు తిప్పడం లేదు. ఆ చూపు నాకు బాగా తెలుసు.

మనవరాలి వంతు వచ్చింది. సిగ్గు విడిచి రాస్తున్నాను, అది గెలవాలని నేను కోరుకోలేదు. ఎడమకి పోవాలని కోరుకున్నాను. ఎక్కువ అక్కర్లేదు, ఒక్క బార. తాడుకి చెయ్యి తగిలితే చాలు, నా ఈత ఇంకా దాని ఒంట్లో ఉన్నట్టే. సొంత మనవరాలి గురించి అలా కోరుకుంటూ కూర్చున్నాను.

విజిలు మోగింది. సగం దాకా తిన్నగా వెళ్ళింది. అక్కడ కాస్త ఎడమకి ఒరిగింది. నాకు ప్రాణం లేచొచ్చింది. గట్టు వెంట పరిగెడుతూ ఆ అమ్మాయి "గీత చూడు! గీత!" అని అరిచింది. నీళ్ళలో తల పెట్టినదానికి ఏం వినబడుతుంది? అయినా సర్దుకుంది. మళ్ళీ తిన్నగా పోయి గోడ తాకింది. రెండో స్థానం.

తల పైకెత్తి, మొహం మీద నీళ్ళు తుడుచుకుని చుట్టూ చూసింది. మేమున్న వైపు కూడా చూసింది. ఆ చూపు నా మీదుగా పోయి, గట్టు చివర ఆగింది. అప్పుడు చెయ్యెత్తింది. అక్కడ నిలబడ్డ ఆ అమ్మాయి కూడా చెయ్యెత్తింది.

నా కుడి చెయ్యి కూడా లేచి ఉంది. ఎప్పుడు లేచిందో నాకు తెలియదు. దువ్వెన పట్టలేని చెయ్యి, శాలువాతో సహా తల దాటి పైకి పోయింది. దానికోసం ఎవరూ చూడటం లేదు. దించబోతే భుజంలో నొప్పి ప్రాణం తీస్తోంది.

"దించరా," పక్క కుర్చీలోంచి పెద్ద మాస్టారు మెల్లగా అన్నారు. "అమ్మాయి చూస్తే బాగుండదు."

తల తిప్పి చూశాను. ఆయన చెయ్యి కూడా పైనే ఉంది.